ఓడలో మందుల షాపు ఉండదు: షుగర్ ఉన్నవారు సముద్ర విహారానికి సిద్ధం కావడం ఎలా

విజయనగరం మూడు లాంతర్ల దగ్గరగానీ, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలిలోగానీ నిలబడి ఉన్నప్పుడు ఇన్సులిన్ సీసా అయిపోయిందని గుర్తొస్తే మనం పెద్దగా కంగారు పడం. నాలుగడుగులు వేస్తే మందుల షాపు ఉంటుంది. ఏళ్ళ తరబడి కొంటున్న షాపైతే చీటీ చూపించక ముందే కుర్రాడు మన సీసా తీసి బల్ల మీద పెడతాడు. విహార నౌక కూడా పైకి ఒక చిన్న పట్టణంలాగే కనిపిస్తుంది. భోజనశాలలు, ఈతకొలను, నాటకాల హాలు, బట్టల దుకాణాలు, పిల్లల ఆటస్థలం అన్నీ ఉంటాయి. లేనిదల్లా మందుల షాపే. డాక్టరు, నర్సు ఉండే చిన్న వైద్యకేంద్రం ఒకటి ఉంటుంది గానీ, అది ముఖ్యంగా అత్యవసరాల కోసం; మీరు రోజూ వేసుకునే మాత్రే, మీరు వాడే ఇన్సులినే అక్కడ దొరుకుతుందన్న భరోసా ఏమీ లేదు. నాకు 14 ఏళ్ళుగా షుగర్ ఉంది, ఆరేళ్ళుగా ఇన్సులిన్ వేసుకుంటున్నాను. ఓడ ఎక్కి వచ్చాక నాకు అర్థమైనది ఏమిటంటే, ఇంట్లో మన ప్రమేయం లేకుండానే సాగిపోయే రెండు పనులను, అంటే మందుల సరఫరానూ భోజనం వేళలనూ, ఓడలో మనమే చేతిలోకి తీసుకోవాలి. మిగిలిన జాగ్రత్తలన్నీ ఈ రెండింటి వెనకే వస్తాయి.

ఎప్పుడు, ఎక్కడి నుంచి

మన తీరానికి ఓడ ప్రయాణం కొత్తదేమీ కాదు. కళింగపట్నం, భీమునిపట్నం రేవుల నుంచి స్టీమర్లెక్కి రంగూన్‌కు కూలి పనికి వెళ్ళినవారి కథలు పెద్దవాళ్ళ నోట ఇప్పటికీ వినిపిస్తాయి. వినోదం కోసం ఓడ ఎక్కడమే కొత్త. 2022 జూన్‌లో విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నై వైపు విహార నౌక నడిచింది. 2023 సెప్టెంబరులో విశాఖ ఓడరేవులో అంతర్జాతీయ క్రూజ్ టెర్మినల్ ప్రారంభమైంది. విజయనగరం నుంచి సుమారు 60 కిలోమీటర్లు, శ్రీకాకుళం నుంచి సుమారు 110 కిలోమీటర్లు ప్రయాణిస్తే చాలు కనుక, విశాఖ నుంచి ఓడ ఉన్న రోజుల్లో అదే మనకు సులువు. లేనప్పుడు చెన్నై, కొచ్చి, ముంబయి రేవులకు వెళ్ళాల్సి ఉంటుంది. మొదటిసారి వెళ్ళేవారు మూడు నాలుగు రాత్రుల స్వదేశీ ప్రయాణాన్నే ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. గడియారం మారదు, మన ఆహారం కొంతైనా దొరుకుతుంది, ఏదైనా తేడా వస్తే మరుసటి రేవులో దిగి రైలెక్కవచ్చు.

నెల విషయంలో కొంచెం పట్టుదలగా ఉండాలి. జూన్ నుంచి సెప్టెంబరు దాకా నైరుతి ఋతుపవనాల వల్ల బంగాళాఖాతం అల్లకల్లోలంగా ఉంటుంది. అక్టోబరు గురించి మనకు ఎవరూ చెప్పనక్కరలేదు. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపానునూ, 2018 అక్టోబరులో తిత్లీ తుపానునూ చూసినవాళ్ళం. జనవరి నుంచి మార్చి దాకా సముద్రం సాధారణంగా శాంతంగా ఉంటుంది. సముద్రం ఊగితే వాంతులు, వాంతులైతే భోజనం ఉండదు, భోజనం లేకుండా మందు పడితే షుగర్ పడిపోతుంది. కాబట్టి షుగర్ ఉన్నవారికి ప్రయాణించే నెల కూడా చికిత్సలో భాగమే.

డాక్టరు దగ్గరకు ఒక నెల ముందే

టికెట్టు కొనకముందే డాక్టరు గారిని కలవడం మేలు. ప్రయాణానికి రెండు రోజుల ముందు వెళ్తే ఆయన చేయగలిగింది చీటీ రాసివ్వడమే. ఒక నెల వ్యవధి ఉంటే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్), క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు), మూత్రంలో అల్బుమిన్, కళ్ళ రెటీనా పరీక్షలు చేయించి, మందుల మోతాదు మార్చాల్సి వస్తే మార్చి, ఆ మార్పు ఒంటికి పడిందో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. కొత్త మందును ఓడలో మొదలుపెట్టడం అన్నింటికంటే తెలివితక్కువ పని. ముఖ్యంగా వారానికొకసారి వేసుకునే సెమాగ్లూటైడ్ వంటి ఇంజెక్షన్లు మొదట్లోనూ, మోతాదు పెంచినప్పుడూ కడుపులో వికారం పుట్టిస్తాయి. దానికి సముద్రపు ఊపు కూడా తోడైతే మనిషి మంచం దిగలేడు.

శ్రీకాకుళం జిల్లావారికి మూత్రపిండాల పరీక్ష గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. కవిటి, సోంపేట, వజ్రపుకొత్తూరు ప్రాంతాల్లో, మనం ఉద్దానం అని పిలుచుకునే చోట, కారణం స్పష్టంగా తేలని దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న సంగతి అందరికీ తెలిసిందే. షుగర్‌కు అది తోడైతే మందుల లెక్కలే మారిపోతాయి. కిడ్నీలు రక్తాన్ని ఎంత బాగా వడకడుతున్నాయో చెప్పే ఈజీఎఫ్ఆర్ అనే అంకె 45 కంటే తగ్గితే మెట్‌ఫార్మిన్ అనే షుగర్ మాత్ర మోతాదును తగ్గించే విషయం చూస్తారు, 30 కంటే తగ్గితే ఆపేస్తారు. కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి ఇన్సులిన్, గ్లైమిపిరైడ్ అనే షుగర్ మాత్ర వంటివి ఒంట్లో ఎక్కువసేపు పనిచేస్తాయి కాబట్టి షుగర్ పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. ఒళ్ళు నొప్పులకు డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ మాత్రలను తమంతట తాము వేసుకోకూడదు. ఎండలో దాహం తీరుతుందని కొబ్బరినీళ్ళు వరసగా తాగడం కూడా వీరికి పనికిరాదు. అందులో పొటాషియం ఎక్కువ.

డాక్టరు గారిని అడగవలసిన ప్రశ్నలను కాగితం మీద రాసుకుని వెళ్ళాలి, లేకపోతే గదిలోకి వెళ్ళాక సగం మరిచిపోతాం. భోజనం రెండు గంటలు ఆలస్యమైతే ఇన్సులిన్ ఎప్పుడు వేసుకోవాలి, వాంతులైతే ఏ మాత్ర ఆపాలి, ఏది ఆపకూడదు, షుగర్ ఎంత దాటితే ఓడ డాక్టరు దగ్గరకు వెళ్ళాలి అన్న ఈ మూడింటికీ జవాబులు తప్పనిసరిగా రాయించుకోవాలి. వాటితోపాటు జబ్బు పేరు, మందుల రసాయన నామాలు, మోతాదులు, సూదులూ ఇన్సులినూ వెంట ఉంచుకోవలసిన అవసరం ఉందన్న మాట, ఇవన్నీ ఉన్న ఉత్తరం సంతకం, ముద్రలతో తీసుకోవాలి. బ్రాండు పేరు మాత్రమే ఉన్న చీటీ సింగపూర్‌లోనో దుబాయ్‌లోనో అక్కరకు రాదు.

సంచి సర్దడం

ఎన్ని రోజుల ప్రయాణమో అన్ని రోజులకు సరిపడా మందులు తీసుకుని వెళ్ళేవారు చాలామంది ఉంటారు. రెట్టింపు తీసుకోవాలి. వాయుగుండం పడితే ఓడ దారి మారవచ్చు, రేవులో దిగడం ఒకటి రెండు రోజులు ఆలస్యం కావచ్చు, సీసా చేతిలోంచి జారి పగలవచ్చు. ఆ రెట్టింపు సరుకును కూడా ఒకే సంచిలో పెట్టకుండా రెండు భాగాలు చేసి, ఒకటి మీ చేతిసంచిలోనూ, మరొకటి వెంట వచ్చేవారి చేతిసంచిలోనూ ఉంచాలి. టెర్మినల్ దగ్గర పెద్ద పెట్టెలను సిబ్బందికి అప్పగిస్తాం. అవి స్కానింగు పూర్తయి గది గుమ్మం దగ్గరకు చేరేసరికి కొన్ని గంటలు పట్టవచ్చు. ఆ గంటల్లోనే రాత్రి ఇన్సులిన్ వేళ దాటిపోతుంది. విమానంలో వెళ్ళి ఓడ ఎక్కేవారు ఇన్సులిన్‌ను కింది సామానులో అస్సలు వేయకూడదు. అక్కడ గడ్డకట్టే ప్రమాదం ఉంది, సామాను తప్పిపోయే ప్రమాదం కూడా ఉంది.

సిరంజీల గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే చదువుకున్నవారు కూడా ఇక్కడే పొరపడతారు. మన దేశంలో సీసాల్లో దొరికే ఇన్సులిన్ ఎక్కువగా మిల్లీలీటరుకు 40 యూనిట్ల బలం ఉన్నది. దానికి ఎర్ర మూత ఉన్న సిరంజీ వాడతాం. పెన్నుల్లో వచ్చేదీ, చాలా దేశాల్లో దొరికేదీ 100 యూనిట్ల బలం ఉన్నది. దాని సిరంజీకి నారింజ రంగు మూత ఉంటుంది. మన 40 రకం సీసాలోంచి నారింజ మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి వెళ్ళేది 8 యూనిట్లే. 100 రకం ఇన్సులిన్‌ను ఎర్ర మూత సిరంజీతో 20 గీత దాకా లాగితే 50 యూనిట్లు వెళ్తాయి, ఇది ప్రాణం మీదికి తెస్తుంది. అందువల్ల సిరంజీలను ఓడలోనో పరాయి రేవులోనో అరువు తెచ్చుకుందామనుకోకుండా, సీసాకు తగినవి ఇంటి నుంచే సరిపడా పట్టుకెళ్ళాలి. తప్పనిసరై ఇంకొకటి వాడవలసి వస్తే సీసా మీద అంకె, సిరంజీ మీద అంకె రెండూ ఒకటేనా కాదా అని వెంట ఉన్నవారితో కూడా చదివించాలి.

గ్లూకోమీటరు విషయంలోనూ ఇటువంటి చిక్కే ఒకటుంది. మన మీటరు మిల్లీగ్రాముల లెక్కలో 99 అని చూపించే షుగర్‌ను కొన్ని దేశాల మీటర్లు మిల్లీమోల్ అనే వేరే కొలతలో 5.5 అని చూపిస్తాయి. విదేశీ డాక్టరు 15 అని చెబితే ‘అమ్మో, పడిపోయింది’ అని పంచదార మింగకూడదు. 18తో గుణిస్తే అది 270. స్ట్రిప్పుల డబ్బా మూతను తీసిన వెంటనే బిగించాలి, సముద్రపు తేమకు స్ట్రిప్పులు పాడవుతాయి. ఒక అదనపు బ్యాటరీ వేసుకోవాలి. మామిడిపండు ముక్కలు తిన్న వేలిని కడగకుండా గుచ్చి చూసుకుంటే లేని షుగర్ కూడా కనిపిస్తుంది. నాకొకసారి 310 చూపించింది, సబ్బుతో కడుక్కుని మళ్ళీ చూస్తే 168 ఉంది.

ఇన్సులిన్‌ను చల్లగా ఉంచడం

వాడకం మొదలుపెట్టని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వాడుతున్న సీసాను, చాలా రకాల విషయంలో, 30 డిగ్రీలు దాటని చోట దాదాపు 28 రోజులు బయటే ఉంచవచ్చు. మీ రకానికి ఎంత గడువో దాని పెట్టెలోని కాగితంలో ఉంటుంది. అంటే నాలుగు రోజుల ప్రయాణానికి వాడుతున్న సీసా గురించి అంత బెంగ అక్కరలేదు, ఏసీ గదిలో ఎండ తగలని సొరుగు చాలు. ఎండలో నిలబెట్టిన కారులోనూ, డెక్ మీద కుర్చీ పక్కనా వదిలేసినప్పుడే అది పాడవుతుంది. మన పల్లెల్లో ఫ్రిజ్ లేని ఇళ్ళలో తడి ఇసుక మీద మట్టి ముంతలో ఇన్సులిన్ పెట్టే పద్ధతి మంచిదే. నీళ్ళలో తడిపి వాడే చల్లసంచులు కూడా అదే సూత్రం మీద పనిచేస్తాయి, అంటే నీరు ఆవిరవుతూ వేడిని లాగేస్తుంది. అయితే గాలిలో తేమ ఎక్కువగా ఉండే సముద్రం మీద నీరు నెమ్మదిగా ఆవిరవుతుంది కాబట్టి ఆ సంచులు ఇంటి దగ్గరంత చల్లదనం ఇవ్వవు.

గదిలో ఉండే చిన్న ఫ్రిజ్‌ను చూసి నేను మోసపోయాను, తప్పు నాదే. మొదటి రాత్రి అదనపు సీసాను లోపలి గోడకు ఆనించి పెట్టి పడుకున్నాను. పొద్దున తీసి వెలుతురులో పట్టుకుంటే అడుగున సన్నని మంచు పలుకు కనిపించింది. అరచేతిలో పెట్టుకుంటే కరిగిపోయి, మామూలు సీసాలాగే అయింది. అదే దానిలోని ప్రమాదం. ఒకసారి గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగాక చూడడానికి బాగానే ఉన్నా సరిగా పనిచేస్తుందన్న నమ్మకం ఉండదు, పారేయాల్సిందే. మా ఆవిడ సంచిలో రెండో భాగం ఉండబట్టి సరిపోయింది. కొన్ని గదుల ఫ్రిజ్‌లు ఇందుకు పూర్తిగా విరుద్ధం. పానీయాలను ఓ మోస్తరు చల్లబరచడానికే తప్ప 8 డిగ్రీలకు దించవు. అందువల్ల టికెట్టు తీసుకునేటప్పుడే మందుల కోసం ఫ్రిజ్ కావాలని రాతపూర్వకంగా అడగాలి, గదిలోకి వెళ్ళగానే ఒక చిన్న థర్మామీటరు లోపల పెట్టి గంట తరవాత చూడాలి, సీసాను గోడకు తగలకుండా రుమాలులో చుట్టి తలుపు అరలో పెట్టాలి. వాడిన సూదులు వేయడానికి గట్టి డబ్బా కూడా అప్పుడే అడగవచ్చు. అది దొరకకపోతే మూత బిగించే ప్లాస్టిక్ సీసాలో వేయాలి. చెత్తబుట్టలో వేస్తే గది శుభ్రం చేసే కుర్రాడి చేతికి గుచ్చుకుంటుంది.

ఎక్కే రోజు

శ్రీకాకుళం రోడ్డు స్టేషనులో పొద్దున్నే రైలెక్కి, విశాఖలో దిగి, టెర్మినల్‌కు చేరి, వరసలో నిలబడి, కాగితాలు చూపించి, ఓడలో మొదటి ముద్ద నోట్లో పెట్టేసరికి మధ్యాహ్నం రెండు మూడు గంటలు కావడం మామూలే. పొద్దున ఏడింటికి ఇన్సులిన్ వేసుకుని రెండు ఇడ్లీలు తిన్నవారికి ఆ వరసలోనే చెమటలు పట్టవచ్చు. చేతిలో మరమరాలు, వేయించిన సెనగలు, ఒక యాపిల్, గ్లూకోజ్ పొడి ప్యాకెట్టు ఉండాలి. ఓడలోకి ఇంట్లో వండిన ఆహారాన్ని సాధారణంగా రానివ్వరు కాబట్టి గేటు దాటేలోపే తినేయాలి. సీలు వేసిన ప్యాకెట్లను, వైద్య కారణం చెప్పి ఉత్తరం చూపిస్తే, అనుమతించే అవకాశం ఎక్కువ. ఆవకాయ జాడీ ఆశ మాత్రం వదులుకోవాలి.

ఓడ కదలకముందు ప్రయాణికులందరికీ ప్రమాద సమయంలో ఎక్కడ చేరాలో చూపిస్తారు. ఆ రోజే ఒక చిన్న సంచిలో రెండు రోజుల మందులు, మీటరు, గ్లూకోజ్, డాక్టరు ఉత్తరం నకలు పెట్టి గది తలుపు పక్కన కొక్కేనికి తగిలించాలి. వైద్యకేంద్రం ఏ అంతస్తులో ఉందో, ఏ వేళల్లో తెరిచి ఉంటుందో అప్పుడే కనుక్కోవాలి. అక్కడి వైద్యానికి డబ్బు విడిగా చెల్లించాలి, అది మన ఊరి ఫీజులాగా ఉండదు. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగర్ ఉన్న సంగతి దాచినవారికి పరిహారం అందకపోవచ్చు. ఓడ నుంచి ఒడ్డుకు రోగిని తరలించే ఖర్చు అందులో ఉందో లేదో ముందే చదవాలి.

భోజనం వేళ

ఓడలో తిండికి కొదవ ఉండదు, అసలు చిక్కు కూడా అదే. బఫేలో ఉదయం పూట ఇడ్లీ పక్కనే పూరీ, దాని పక్కనే కేకు, పండ్ల రసాల పీపాలు ఉంటాయి. ఒక కప్పు అన్నంలో సుమారు 45 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక గ్లాసు పండ్ల రసంలో 20 గ్రాములకు పైగా చక్కెర ఉంటుంది. ఇంట్లో రెండు గరిటెల అన్నం తినేవాడు ఇక్కడ ‘డబ్బు కట్టాం కదా’ అని నాలుగు రకాలు వడ్డించుకుంటాడు. పళ్ళెం తీసుకోకుండా ఒకసారి బల్లలన్నీ చుట్టి వచ్చి, ఏమేమి ఉన్నాయో చూసుకుని, అప్పుడు వడ్డించుకోవడం నాకు బాగా పనిచేసింది. సగం పళ్ళెం కూరగాయలూ పచ్చి ముక్కలూ, పావు వంతు పప్పో చేపో గుడ్డో, మిగిలిన పావు వంతే అన్నమో చపాతీయో. చోడి అంబలి తాగి పెరిగిన ప్రాణానికి ఓడలో అది దొరకదు, అడిగితే ఓట్స్ ఇస్తారు. రోజుకొక తీపి తినాలనుకుంటే దానికి బదులు అన్నం తగ్గించాలి. రెండూ తిని రాత్రికి రెండు యూనిట్లు ఎక్కువ వేసుకుందామనే లెక్కను డాక్టరు చెప్పకుండా ఎవరూ వేయకూడదు.

రాత్రి భోజనం ఇంకా జాగ్రత్తగా చూసుకోవాలి. చాలా ఓడల్లో రాత్రి భోజనం రెండు బంతుల్లో జరుగుతుంది, ఒకటి ఆరున్నర ప్రాంతంలో, రెండోది ఎనిమిదిన్నర ప్రాంతంలో. వీలైతే మీ ఇంటి వేళకు దగ్గరగా ఉన్న బంతిని టికెట్టు సమయంలోనే కోరుకోవాలి. 30/70 మిశ్రమ ఇన్సులిన్ (రెండు రకాలు కలిపినది) వాడేవారు భోజనానికి అరగంట ముందు వేసుకోవడం అలవాటు. నేనూ అలాగే గదిలో ఎనిమిదింటికి వేసుకుని బయలుదేరాను. లిఫ్టు దగ్గర జనం, బల్ల దగ్గరకు తీసుకెళ్ళేవరకు వరస, ఏం కావాలో అడిగి రాసుకోవడం, ముందుగా చారు, ఆ చారు తాగాక ఆకులు, అసలు భోజనం ఎప్పటికీ రాదు. తొమ్మిదింపావుకు మెడ వెనక చెమట పట్టింది, చెంచా పట్టుకున్న వేళ్ళు సన్నగా వణికాయి, ఎదుటి బల్ల దగ్గరి మాటలు దూరం నుంచి వినిపిస్తున్నట్టయింది. చొక్కా జేబులో గ్లూకోజ్ పొడి లేదు, చొక్కా మార్చాను కదా. బల్ల మీద కాఫీ కోసం పెట్టిన పంచదార పొట్లాలు మూడు చించి నోట్లో పోసుకుని నీళ్ళు తాగాను. పావుగంటకు మాట నిలకడగా వచ్చింది. అప్పటి నుంచి డాక్టరు గారు చెప్పిన పద్ధతి పాటిస్తున్నాను: వరసలు వరసలుగా వడ్డించే భోజనశాలకు వెళ్ళే రోజున బల్ల దగ్గర కూర్చుని, అసలు భోజనం ఎంతసేపట్లో వస్తుందో అడిగి తెలుసుకున్నాకే ఇన్సులిన్ వేసుకోవాలి. నిక్కచ్చిగా సమయం పాటించాలనుకునే రోజున బఫేకే వెళ్ళాలి. వేగంగా పనిచేసే ఇన్సులిన్ వాడేవారికి ఈ ఇబ్బంది తక్కువ.

షుగర్ 70 కంటే తగ్గితే ఏం చేయాలో వెంట ఉన్నవారికి కూడా తెలియాలి. 15 గ్రాముల గ్లూకోజ్ లేదా పంచదార, అంటే మూడు చెంచాలు, ఇచ్చి, 15 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్షించాలి. ఇంకా తక్కువగానే ఉంటే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక ఏదైనా తినాలి. చాక్లెట్ ఇవ్వడం చాలామంది చేసే పొరపాటు, అందులోని కొవ్వు వల్ల చక్కెర రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. స్పృహ తప్పినవారి నోట్లో ఏమీ పోయకూడదు. గది ఫోనులో వైద్యకేంద్రాన్ని పిలవాలి. మద్యం తాగే అలవాటున్నవారు ఖాళీ కడుపుతో తాగకూడదు, తాగిన రాత్రి పడుకునే ముందు షుగర్ చూసుకోవాలి. మద్యం వల్ల మరునాడు కూడా షుగర్ పడిపోవచ్చు, పైగా తూలుతున్న మనిషిని చూసి తాగి ఉన్నాడనుకుని వదిలేస్తారు.

కడుపులో తిప్పినప్పుడు

ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తుల్లో ఉన్న గదులు తక్కువ ఊగుతాయి. పై అంతస్తులోని బాల్కనీ గది ఖరీదూ ఎక్కువే, ఊపూ ఎక్కువే. ప్రొమెథజైన్ వంటి వాంతుల మాత్ర వాంతి మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచేయదు, ముందే వేసుకోవాలి. అది మగతనిస్తుంది, నోరెండిపోయేలా చేస్తుంది. ఆ మగతలో షుగర్ పడిపోయిన లక్షణాలు తెలియకపోవచ్చు కాబట్టి, మాత్ర వేసుకున్న రోజు రెండుసార్లు అదనంగా పరీక్ష చేసుకోవాలి. అల్లం ముక్క నమలడం కొందరికి ఉపశమనం ఇస్తుంది, అల్లం మురబ్బా మాత్రం చక్కెరే.

వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పాటించవలసిన నియమాలు డాక్టరు గారు రాసిచ్చిన కాగితంలో ఉండాలి. సాధారణంగా చెప్పేవి ఇవి. మెట్‌ఫార్మిన్‌నూ, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలనూ ఒంట్లో నీరు తగ్గిపోతున్నప్పుడు తాత్కాలికంగా ఆపమంటారు. ఈ రెండో రకం మాత్రలు వాడేవారిలో షుగర్ మరీ ఎక్కువ లేకపోయినా కీటోన్లు (ఒంట్లో కొవ్వు కరిగినప్పుడు పుట్టే ఆమ్లాలు) పెరిగి ప్రమాదం రావచ్చు. తినలేకపోతున్నప్పుడు గ్లైమిపిరైడ్ వేసుకుంటే షుగర్ పడిపోతుంది. ఇన్సులిన్ సంగతి వేరు. తినడం లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేయడం పెద్ద తప్పు, ఒంట్లో ఇన్సులిన్ తయారుకాని టైప్ 1 వారికైతే అది ప్రాణాంతకం; జబ్బు చేసినప్పుడు తిండి లేకపోయినా షుగర్ పెరుగుతుంది. నాలుగు గంటలకొకసారి పరీక్షించుకుంటూ, మోతాదు ఎంత తగ్గించాలో ఓడ డాక్టరును అడగాలి. షుగర్ ఉన్నవారు ఓఆర్‌ఎస్ తాగకూడదన్నది అపోహ. లీటరు ద్రావణంలో ఉండే గ్లూకోజ్ 13.5 గ్రాములే, వాంతులయ్యే మనిషికి అది అవసరం కూడా. డబ్బాల్లో అమ్మే తీపి పానీయాలు దానికి సాటి రావు. నీళ్ళు కూడా నిలవకుండా వాంతులవుతున్నా, షుగర్ 250 దాటి దిగకపోయినా, ఊపిరి వేగంగా ఆడుతున్నా, కడుపునొప్పి వచ్చినా ఇక గదిలో ఉండకూడదు.

వాంతులన్నీ సముద్రం వల్లే రావు. ఓడల్లో నోరోవైరస్ తెచ్చే అంటువ్యాధి ఒకరి నుంచి ఒకరికి త్వరగా వ్యాపిస్తుంది. గుమ్మం దగ్గర చేతిలో పోసే శానిటైజర్ దానికి సరిపోదు, బఫేలో గరిట పట్టుకునే ముందూ, తినే ముందూ సబ్బుతో కడుక్కోవాలి.

కాళ్ళు, ఒడ్డు

మనకు గుమ్మం దాటగానే చెప్పులు విప్పే అలవాటు. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవారికి ఎండలో కాలిన డెక్ చెక్క, ఇసుకలోని గవ్వ ముక్క, గుడి ప్రాంగణంలోని రాయి, ఏదీ తెలియదు. సాయంత్రం బొబ్బ కనిపించాకే తెలుస్తుంది. ఈతకొలను గట్టు మీద కూడా చెప్పులుండాలి. పుదుచ్చేరిలోనో చెన్నైలోనో గుళ్ళకు వెళ్ళేవారు మందపాటి మేజోళ్ళు వేసుకోవాలి, మధ్యాహ్నం మానుకుని పొద్దున్నే వెళ్ళాలి. ప్రయాణం కోసమని కొత్త బూట్లు కొనకూడదు, నెల రోజులు వాడి మెత్తబడినవే తీసుకెళ్ళాలి. రోజూ పడుకునే ముందు అద్దం పెట్టి అరికాళ్ళు, వేళ్ళ సందులు చూసుకోవడానికి రెండు నిమిషాలు చాలు. ఈతకు ముందూ, వేడినీళ్ళ తొట్టెలో దిగే ముందూ షుగర్ చూసుకోవాలి. వేడికి ఇన్సులిన్ చర్మం కింద నుంచి త్వరగా రక్తంలో కలుస్తుంది. పాదాల్లో స్పర్శ లేనివారు ఆ తొట్టె జోలికే వెళ్ళకపోవడం మంచిది.

రేవులో దిగి ఊరు చూడడానికి వెళ్ళినప్పుడు నాలుగు గంటలకే కదా అని మందులు గదిలో వదిలేస్తారు. ఓడ ఎవరి కోసమూ ఆగదు. ట్రాఫిక్‌లో చిక్కుకుని ఓడ తప్పిపోతే మీ ఇన్సులిన్ సముద్రం మీద, మీరు ఒడ్డున. దిగిన ప్రతిసారీ రెండు రోజుల మందులు, మీటరు, గ్లూకోజ్, ఆధార్ లేదా పాస్‌పోర్టు, డాక్టరు ఉత్తరం వెంట ఉండాలి. విదేశీ ప్రయాణాల్లో గడియారం మార్పు గురించి చాలామంది అతిగా భయపడతారు. సింగపూర్ మనకంటే రెండున్నర గంటలు ముందు, దుబాయ్ గంటన్నర వెనక; ఇంత తేడాకు మోతాదు మార్చాల్సిన పని సాధారణంగా ఉండదు, వేళను మాత్రమే కొద్దిగా జరుపుకోవాలి. ఐరోపా, అమెరికా వంటి దూర ప్రయాణాలకు మాత్రం డాక్టరు గారు గంటల పట్టిక రాసివ్వాలి.

దిగే ముందు రాత్రి

చివరి రాత్రి పెట్టెలు సర్ది గది బయట పెట్టమంటారు. అవి మళ్ళీ మరునాడు టెర్మినల్‌లోనే కనిపిస్తాయి. హడావుడిలో ఫ్రిజ్‌లోని సీసాను మరిచిపోయేవారు కొందరు, మందులన్నీ పెద్ద పెట్టెలో సర్దేసి తెల్లారి ఖాళీ చేతులతో నిలబడేవారు మరికొందరు. ఫ్రిజ్ తలుపు మీద ‘మందు’ అని రాసిన కాగితం అంటించుకోవడం నేను నేర్చుకున్న ఉపాయం. దిగే రోజు ఫలహారం తొందరగా ముగిస్తారు, కిందికి దిగడం ఆలస్యమవుతుంది, ఆ తరవాత రైలు. కాబట్టి ఎక్కిన రోజు పట్టుకున్న మరమరాలు, గ్లూకోజ్ పొడి ఈ రోజుకూ ఉండాలి. ఇంటికి వచ్చాక మూడు నాలుగు రోజులు పొద్దున పరగడుపునా, భోజనమయ్యాక రెండు గంటలకూ చూసుకుని ఆ అంకెలను రాసుకుంటే, తరవాతిసారి డాక్టరు గారికి చూపించడానికి పనికొస్తాయి. ఓడలో తెరిచిన సీసా మీద తెరిచిన తేదీని పెన్నుతో రాసి ఉంచాలి. గడువు దాటిన రోజున అందులో సగం మందు మిగిలి ఉన్నా సరే, పారేయాలి.